గోదావరి గాలికి నిలిచేలా సీసీ కెమెరాలు: కొనడం, బిగించడం, చూసుకోవడం

డెల్టాలో కెమెరా పనిచేయడం మానేసిందని నిచ్చెన వేసి ఎక్కి చూస్తే, చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది. దాని తోక (వెనక వేలాడే వైరు) చివర జాయింటు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. లేదా జంక్షన్ బాక్సులో చీమలు గూడు పెట్టి ఉంటాయి. లేదా మొన్నటి ఉరుములకి డీవీఆర్‌లో (కెమెరాల బొమ్మ రికార్డు చేసే పెట్టె) ఒక పోర్టు మాడిపోయి ఉంటుంది. కొనేటప్పుడు మాత్రం బేరమంతా మెగాపిక్సెళ్ల మీదే నడుస్తుంది. ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఆరని చెమ్మ, నిలకడ లేని కరెంటు ఉన్న ఈ ప్రాంతంలో కెమెరా మీద కొంచెం తగ్గించుకుని వైరు, బాక్సు, ఎర్తింగు, బ్యాటరీ మీద పెడితేనే ఆ వ్యవస్థ నాలుగు కాలాలు నిలుస్తుంది.

ముందు ఏం చూడాలో తేల్చుకోండి

షాపుకి వెళ్లే ముందు రాత్రి ఎనిమిది దాటాక ఒక కాగితం పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. గేటు, వీధి అరుగు, పెరటి తలుపు, మేడ మెట్లు, బండ్లు పెట్టే చోటు, మోటారు షెడ్డు, వీటిలో ఎక్కడ మనిషి ముఖం తెలియాలి, ఎక్కడ ఎవరో కదిలారని తెలిస్తే చాలు అని రాసుకోండి. ఈ రెండూ వేరు వేరు పనులు, ఒకే కెమెరా రెండూ చేయలేదు.

దీనికి ఒక లెక్క ఉంది. ముక్కూముఖం తెలియని మనిషిని తర్వాత గుర్తుపట్టాలంటే దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు పడాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. ఎవరో ఉన్నారని మాత్రం తెలియడానికి 25 సరిపోతాయి. 2 మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటాయి. అందరూ పెట్టే 2.8 ఎంఎం లెన్సు సుమారు 105 డిగ్రీలు చూస్తుంది. అంటే మూడు మీటర్ల దూరంలోనే దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పు దాని కంట్లో పడుతుంది. కాబట్టి కొత్త మనిషి ముఖం మూడు మీటర్ల లోపే పనికొస్తుంది. మీవాళ్లనైతే ఆరు మీటర్ల దాకా పోల్చుకోవచ్చు. అదే 6 ఎంఎం లెన్సు అయితే వెడల్పు సగం కన్నా తగ్గుతుంది గానీ ముఖం ఏడు మీటర్ల దాకా, తెలిసిన మనిషి పదిహేను మీటర్ల దాకా తెలుస్తారు. "అంతా కనబడాలండీ" అని అడిగితే బిగించేవాళ్లు 2.8 ఎంఎం పెట్టి వెళ్తారు. అంతా కనబడుతుంది, ఎవరూ తెలియరు.

అందుకని వాకిలంతా చూడటానికి ఒక 2.8 ఎంఎం కెమెరా, గేటు దగ్గర మనిషి తప్పనిసరిగా దాటాల్సిన సందుకి ఎదురుగా ఒక 6 ఎంఎం కెమెరా, ఇదీ మామూలు ఇంటికి సరైన జోడీ. గేటు కెమెరా ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు దాటకూడదు. పన్నెండు అడుగుల మీద సన్‌షేడ్ కింద బిగిస్తే వచ్చినవాడి తలగుడ్డ తప్ప మరేం పడదు. ఎవరైనా చేత్తో తిప్పేస్తారని భయముంటే దాన్ని చూసేలా పైన రెండో కెమెరా పెట్టుకోవాలి గానీ ముఖం చూడాల్సినదాన్ని పైకెక్కించకూడదు.

బండి నంబరు చదవడం మళ్లీ వేరే పని. రాత్రి హెడ్‌లైటు వెలుగు నేరుగా లెన్సులోకి కొడితే తెల్లటి మచ్చే మిగులుతుంది. దానికి 12 ఎంఎం లెన్సున్న కెమెరా, షట్టర్ వేగం పెంచి, రోడ్డు పక్క నుంచి ఏటవాలుగా పెట్టాలి. ఇంటికి ఇంత అవసరం ఉండదు. రైసు మిల్లు గేటుకీ, ఐసు ఫ్యాక్టరీకీ, వేబ్రిడ్జి దగ్గరా ఉంటుంది.

చెరువులకి ఇంకో లెక్క

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువులకి పెట్టించేవాళ్లు మొదట అడిగేది "చెరువంతా కవరవుతుందా?" అని. అయిదెకరాల చెరువు చదరంగా ఉందనుకుంటే ఒక్కో గట్టు 140 మీటర్ల పైమాటే. మూల నుంచి 2.8 ఎంఎం లెన్సుతో అవతలి గట్టు చూస్తే మీటరుకి పది పిక్సెళ్లు కూడా రావు. కెమెరాలోని, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు రాత్రి ఇరవై, ముప్పై మీటర్లు దాటదు. నీళ్ల మీద పడిన వెలుగు తిరిగి రాదు కాబట్టి చెరువు నల్లగానే ఉంటుంది.

గట్టంతా కాయకండి, దారులు కాయండి. మేత బస్తాల షెడ్డు తలుపు, మకాం ముందు జాగా, ప్యానల్ బోర్డు, తూము, పట్టుబడికి వ్యాను వచ్చి ఆగే చోటు, ఈ అయిదింటికీ తలా ఒకటి పెడితే పోయేవి చాలావరకు కంట్లో పడతాయి. పోయేవి ఎక్కువగా మేత, మోటార్లు, రాగి కేబులు, అవి ఆ దారుల్లోనే పోవాలి. తిరిగే పీటీజెడ్ కెమెరా ఒకటి ఎత్తైన స్తంభం మీద ఉంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఇంటి నుంచి చూసుకోవడానికి బాగుంటుంది. కాపలాకి దాన్ని నమ్మకండి, దొంగ వచ్చే వేళకి అది మరో వైపు చూస్తూ ఉంటుంది.

ఏరేటర్ల మాట వచ్చింది కాబట్టి: తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ ఒక ఫేజ్ పోయి ఏరేటర్లు ఆగితే జరిగే నష్టం ముందు దొంగతనం ఏపాటిది? ఆ భయానికి మందు కెమెరా కాదు. ఫేజ్ పోగానే ఫోన్‌కి కాల్ చేసే జీఎస్ఎం అలారం ప్యానల్‌కి పెట్టించుకుని, ఆ తర్వాత కెమెరా గురించి ఆలోచించండి.

అనలాగా, ఐపీనా, సిమ్ముదా

నాలుగు కెమెరాల ఇంటికి అనలాగ్ హెచ్‌డీ, డీవీఆర్ ఇప్పటికీ పనికొస్తాయి, చవక కూడా. కానీ ఒక్కో కెమెరా దగ్గర బొమ్మకి ఒక బీఎన్‌సీ పిన్ను, కరెంటుకి ఒక డీసీ పిన్ను ఉంటాయి. ఇక్కడి గాలికి ఆ రెండూ చిలుము పట్టే చోట్లే. ఐపీ కెమెరాకి (నెట్‌వర్క్ మీద నడిచేది) పీఓఈ పద్ధతిలో ఒకే క్యాట్6 నెట్‌వర్క్ వైరులో బొమ్మా, కరెంటూ రెండూ పోతాయి. అందులో పోయేది 48 వోల్టుల ప్రాంతం కాబట్టి దూరానికి వోల్టేజి పడిపోయే గోల తక్కువ. జాయింటు కూడా ఒక్కటే. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కొత్తగా పెట్టేవాళ్లు కొంచెం ఎక్కువైనా ఐపీకే వెళ్లడం మంచిది. క్యాట్6 ఒక్క లాగులో 100 మీటర్లు మించకూడదు. 110 మీటర్లకి పనిచేసినట్టే ఉంటుంది, వర్షం పడగానే తడబడుతుంది.

వైఫై కెమెరాలు ఇంటి లోపలికి, పసిపిల్లలని, పెద్దవాళ్లని చూసుకోవడానికి బాగుంటాయి. వీధి కాపలాకి అవొక్కటే పెట్టుకుంటే రికార్డు దాని కడుపులోని మెమరీ కార్డులోనే ఉంటుంది. కెమెరా పట్టుకుపోతే సాక్ష్యమూ పోయినట్టే.

కరెంటు, నెట్టు లేని కొబ్బరి తోటలకీ, దూరపు చెరువులకీ 4జీ సోలార్ కెమెరాలు వస్తున్నాయి. బిగించడం తేలిక. చాలావాటిలో బ్యాటరీ ఆదా కోసం కదలిక కనిపించినప్పుడే నిద్ర లేస్తుంది, అప్పటికి మొదటి ఒకటి రెండు సెకన్లు పోతాయి. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే పడుకుంటుంది. సిమ్ కొనే ముందు ఆ చోటే నిలబడి ఫోన్‌లో ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో చూసుకోండి, గట్టు దిగితేనే సిగ్నల్ మారిపోయే చోట్లున్నాయి. 2 ఎంబీపీఎస్ ధారని అదే పనిగా చూస్తే గంటకి 0.9 జీబీ పోతుంది. నాణ్యత తగ్గించిన సబ్‌స్ట్రీమ్‌లో 512 కేబీపీఎస్ మీద చూస్తే పావు జీబీ లోపే.

ఏది కొన్నా పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మకానికి వచ్చే సీసీ కెమెరాలకి భద్రత పరంగా కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరీక్షలు నెగ్గడం తప్పనిసరి. "పాత స్టాకండీ, సగం ధరకే" అనే కెమెరాలకి ఆ పరీక్ష జరిగి ఉండకపోవచ్చు, ముందు ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లూ రాకపోవచ్చు.

బయట పెట్టేవాటికి దుమ్ము, నీరు చొరబడవని చెప్పే ఐపీ67 రేటింగు ఉండాలి. కెమెరా ఒళ్లు సంగతి కూడా అడగండి. సముద్రానికి దగ్గరైతే సన్నటి రేకు ఒళ్లు రంగు పొంగి తుప్పు పడుతుంది. మంచి ప్లాస్టిక్ ఒళ్లే నయం. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్‌వి విడిగా కొనుక్కోండి, పెట్టెలో ఇచ్చేవి రెండో వర్షాకాలానికి తల తిరగవు.

హార్డ్‌డిస్క్ ఎంత?

2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 కుదింపు పద్ధతిలో సుమారు 2 ఎంబీపీఎస్ తీసుకుంటుంది, రోజుకి 21.6 జీబీ. నాలుగు కెమెరాలకి 86 జీబీ పైచిలుకు. అంటే 1 టీబీ డిస్కులో పదకొండు రోజుల రికార్డు ఉంటుంది. నెల రోజులు కావాలంటే దాదాపు 2.6 టీబీ అవుతుంది కాబట్టి 4 టీబీ వేసుకోవాలి. 4 మెగాపిక్సెల్ అయితే లెక్క దాదాపు రెట్టింపు. కంప్యూటరుకి వాడే మామూలు డిస్కు వద్దు. ఇరవై నాలుగు గంటలూ రాయడానికి చేసిన సర్వైలెన్స్ డిస్కులు వేరే ఉంటాయి, అదే అడిగి తీసుకోండి.

ఇంటికి పదిహేను రోజులు చాలు. కల్యాణ మండపాలు, ఆసుపత్రులు, పెద్ద షాపులకి అది కుదరదు. ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం, 2013 ప్రకారం ఒకేసారి వంద మంది గానీ, రోజుకి 500 మంది గానీ వచ్చే చోట్ల సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలి.

వైరు దగ్గరే అసలు మోసం

"పగలు బాగానే ఉంటుందండీ, రాత్రయితే ఆగిపోయి మళ్లీ వస్తుంది." అనలాగ్ కెమెరాల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది ముందుంటుంది. కెమెరా తప్పేమీ లేదు. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కెమెరా తీసుకునే కరెంటు పెరుగుతుంది, సన్న వైరులో వోల్టేజి కిందికి జారుతుంది. అర ఆంపియర్ తీసుకునే కెమెరా 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కరెంటు పోయి రావాలి కాబట్టి వైరు పొడవు 120 మీటర్లు. 0.5 చదరపు ఎంఎం రాగి వైరైతే సుమారు 2 వోల్టులు దారిలోనే పోతాయి. 1 చదరపు ఎంఎం అయితే 1 వోల్టు. ఇంకా సన్నపు వైరైతే 12 వోల్టుల్లో 7 మాత్రమే చివరికి చేరుతుంది. పైగా చవక కేబుళ్లలో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ. చెమ్మ తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

కొనేటప్పుడు ఒక తీగ చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. దూరం 40 మీటర్లు దాటితే కరెంటుకి వేరే మందపు వైరు లాగండి, లేదా ఆ కెమెరా దగ్గరే చిన్న అడాప్టరు పెట్టండి. బిగించాక రాత్రి, లైట్లు వెలిగి ఉండగా, కెమెరా పిన్ను దగ్గర మల్టీమీటరుతో కొలవండి. 11 పైన ఉంటే నిశ్చింత. 10 కిందికి వస్తే వైరు మార్చండి. కొందరు కెమెరాలకి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టె స్క్రూ తిప్పి 14 వోల్టులకి పెంచి తప్పించుకుంటారు. అప్పుడు దగ్గర్లో ఉన్న కెమెరాలు మాడతాయి.

వైరుని ఊరికే గోడ మీద క్లిప్పులతో కొట్టి వదిలితే ఉడతలు, ఎలుకలు కొరుకుతాయి. బయట వేసేదంతా పీవీసీ పైపులో పోవాలి. తోటలో అయితే భూమిలో అడుగున్నర లోతున హెచ్‌డీపీఈ గొట్టంలో. డెల్టాలో వానాకాలం ఆ గొట్టంలో నీళ్లు నిండటం ఖాయం కాబట్టి లోపల ఎక్కడా జాయింటు పెట్టకూడదు. ఏరేటర్, బోరు మోటారు కేబుళ్ల పక్కనే బొమ్మ వైరు నడపకండి, కనీసం అడుగు ఎడం ఉంచండి. లేదంటే మోటారు వేసినప్పుడల్లా బొమ్మలో గీతలు పరుగెడతాయి.

బిగించే వరస

ముందుగా అన్ని కెమెరాలూ, డీవీఆర్ నేల మీద పెట్టుకుని కలిపి ఒక పూట నడపండి. చెడ్డ కెమెరా నేల మీద తేలితే అయిదు నిమిషాల పని, గోడ ఎక్కాక తేలితే సగం రోజు. ఆ తర్వాత ఒకరు కెమెరాని చేత్తో అనుకున్న చోట పట్టుకుని, ఇంకొకరు ఫోన్‌లో బొమ్మ చూసి ఖాయం చేసుకున్నాకే గోడకి చిల్లు పెట్టండి. తూర్పు, పడమరలకి నేరుగా చూసే కెమెరాకి ఉదయం సాయంత్రం ఎండ కళ్లు కప్పేస్తుంది. కాస్త ఉత్తరానికో దక్షిణానికో మళ్లించండి. సన్‌షేడ్ అంచుకి, తెల్ల గోడకి ఆనుకుని పెడితే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ ఆ గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

గోడలోకి వైరు పోయే చిల్లు బయటి వైపు పల్లంగా, లోపలి వైపు మెరకగా వాలుగా పెట్టాలి. వైరు చిల్లులోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు వైరు వెంట జారే వాననీరు వంపు అడుగున బొట్లుగా రాలిపోతుంది, లోపలికి పోదు. ప్రతి కెమెరా వెనకా జంక్షన్ బాక్సు ఉండాలి. తోకా, జాయింట్లూ అన్నీ అందులోకే. వైరు గ్లాండ్ (వైరు చుట్టూ బిగిసే మూత) ద్వారా, బాక్సు అడుగు నుంచి మాత్రమే లోపలికి రావాలి, పైనుంచి వద్దు. పిన్నులకి డైఎలెక్ట్రిక్ సిలికాన్ గ్రీజు కొంచెం పూసి, బిగించి, పైన సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. మామూలు నల్ల టేపు ఎండకి జిగురు కారి ఊడుతుంది. ఐపీ కెమెరా పెట్టెలో నెట్ వైరు పిన్నుకి (ఆర్‌జే45) వచ్చే రబ్బరు తొడుగుని చాలామంది బిగించకుండా పెట్టెతోనే పారేస్తారు. సగం సమస్యలకి మందు అదే.

పెంకుటింటికి అయితే పెంకుల చివర కాదు, దూలానికి బిగించండి. కొబ్బరి చెట్టుకి మేకులు కొట్టి కెమెరా తగిలించకండి. గాలికి చెట్టు ఊగితే బొమ్మ ఊగుతుంది, కదలిక హెచ్చరికలతో ఫోన్ మోగుతూనే ఉంటుంది. గెల కింద పెట్టిన కెమెరాకి కాయ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. స్తంభం కావాలంటే రెండంగుళాల జీఐ పైపు, భూమి పైన పన్నెండు అడుగులు, లోపల మూడు. చెరువు గట్టు మట్టి వదులుగా ఉంటుంది, నల్లమట్టి అయితే ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది, కాబట్టి అక్కడ నాలుగడుగులు దింపి, అడుగున్నర చదరపు గొయ్యిలో 1:2:4 కాంక్రీటు పోయండి. నీళ్ల వైపు అంచున కాకుండా బయటి వైపు పాతండి. పైపు పైమూతి మూసేయాలి, మట్టికి ఆనే చోట తారు రంగు పూయాలి.

డీవీఆర్ ఎక్కడ పెడతామన్నది డెల్టాలో చిన్న విషయం కాదు. టీవీ కింద బల్లలో పెడితే దొంగకి మొదట దొరికేది అదే, వరదకి మొదట మునిగేదీ అదే. మేడ ఉంటే పై అంతస్తులో, లేకపోతే నేల నుంచి ఆరడుగుల పైన, గాలి ఆడే తాళమున్న రేకు పెట్టెలో పెట్టండి. వంటింటి పక్కన వద్దు, నూనె ఆవిరికి ఫ్యాను జిడ్డు పట్టి ఆగిపోతుంది. వెనక రంధ్రాలకి సన్న మెష్ అంటించండి. బల్లి లోపల దూరి సర్క్యూటు మీద చచ్చి షార్టు చేయడం ఇక్కడ వింత కాదు.

కరెంటూ, పిడుగూ

నాలుగు కెమెరాలకి 20 వాట్లు, డీవీఆర్‌కి 15, నెట్ పెట్టెలకి 10, ఇన్వర్టరు సొంత ఖర్చు 15 వేసుకుంటే మొత్తం 60 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉన్నా, వెయ్యి మించి ఆశపడకూడదు. అంటే పదహారు గంటలు, అదీ ఫ్యాన్లు వేరే లైనులో ఉంటే. ఇన్వర్టరు వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ డీవీఆర్ ఆగి మళ్లీ లేస్తుంది, అలా లేచి లేచి హార్డ్‌డిస్క్ పాడవుతుంది. ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు కెమెరాల మొత్తం ఆంపియర్లకి మూడో వంతు కలిపి తీసుకోండి. నాలుగు కెమెరాలకి 5 ఆంపియర్లది సరిపోతుంది, ఎనిమిదికి 10.

పిడుగు నేరుగా పడితే ఆపేది ఏదీ లేదు. కానీ డీవీఆర్లని ఎక్కువగా చంపేది అది కాదు. ఎక్కడో పడ్డ పిడుగు పొడవాటి వైర్లలో పుట్టించే సర్జే, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజే. చెరువు నుంచి మకాందాకా, మకాం నుంచి ఇంటిదాకా రాగి వైరు పరిచారంటే దాన్ని ఇంట్లోకి ఆహ్వానించినట్టే. 50 మీటర్లు దాటి ఆరుబయట పోయే ప్రతి లైనునీ ఫైబరు చేయండి. రెండు చివరలా రాగి వైరు సంకేతాన్ని వెలుగుగా, వెలుగుని తిరిగి సంకేతంగా మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టాలి, వాటి ధర ఒక డీవీఆర్ ధర ముందు తక్కువే. ఫైబరులో కరెంటు పారదు కాబట్టి సర్జూ రాదు. బలం కోసం లోపల ఇనుప తీగ ఉన్న కేబుల్ అయితే ఆ తీగని పరికరాల దాకా రానివ్వకుండా బయటే కత్తిరించాలి. మిగిలిన రాగి లైన్లకి సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టుకోవచ్చు గానీ వాటిని మంచి ఎర్తుకి కలపకపోతే అవి ఉత్త డబ్బాలు. డెల్టాలో భూగర్భ నీరు పైనే ఉంటుంది కాబట్టి ఎర్తు బాగా దొరుకుతుంది. ఆ వరాన్ని వదులుకోకండి. ఇంటి ఎర్తు, స్తంభం ఎర్తు, డీవీఆర్ ఎర్తు ఒకదానికొకటి కలిసే ఉండాలి.

సెట్టింగుల్లో మరిచిపోయేవి

డీవీఆర్‌ని ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ మీద నమోదు చేశారో చూడండి. బిగించిన కుర్రాడి ఫోన్ మీద ఉంటే మీ పడకగది బయట ఏం జరుగుతోందో అతనికీ కనబడుతుంది. అతను ఊరు మారితే మీరు పాస్‌వర్డ్ మార్చుకోలేరు. అతను మెట్లు దిగే ముందే మీ నంబరు మీదకి మార్పించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. ఇంట్లో మిగతావాళ్లకి చూడటానికి మాత్రమే హక్కున్న వేరే యూజరు చాలు. రౌటరులో బయటి నెట్‌కి దారులు తనంతట తానే తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి, చేత్తో అలాంటి దారి తెరిచే పోర్టు ఫార్వర్డింగు అక్కర్లేదు.

గడియారం ప్లస్ 5:30కి పెట్టి నెట్ నుంచి సమయం తీసుకునేలా చేయండి. కదలిక హెచ్చరికలకి మనిషి, వాహనం అనే ఎంపిక ఉంటే అదే పెట్టండి. లేకపోతే కొబ్బరాకు, అరటాకు కనబడే మూలలని జోన్ నుంచి తీసేయండి. రికార్డింగు మాత్రం ఎప్పుడూ నిరంతరంగానే ఉండాలి. పక్కింటివాళ్ల కిటికీ, ఆడవాళ్లు స్నానాలు చేసే కాలవ రేవు ఫ్రేములోకి వస్తే ప్రైవసీ మాస్కుతో కప్పేయండి. ఇది మర్యాద ఒక్కటే కాదు, అలాంటి దృశ్యాలు తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం కావచ్చు.

ఏడాది పొడవునా

నెలకొకసారి బూజుకర్ర పట్టండి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది, రాత్రి ఆ దారం తాడంత లావున కనబడి హెచ్చరికలు మోగుతాయి. చెరువుల దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ. అక్కడ కెమెరాలోని లైటు ఆపేసి ఆరేడు అడుగుల అవతల విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపు పెడితే పురుగులు దాని దగ్గరికి పోతాయి. పుష్య మాసపు మంచులోనూ ఇదే చిట్కా పనిచేస్తుంది. అద్దాన్ని తడి మెత్తటి గుడ్డతో తుడవాలి, సర్ఫు, స్పిరిటు తగలనివ్వకూడదు.

మే నెలాఖరున, తొలకరికి ముందు, ప్రతి జంక్షన్ బాక్సూ విప్పి చీమలు దులిపి, పిన్నులు చూసి, గ్రీజు పూసి మూయండి. రైసు మిల్లుల్లో అయితే తవుడు దుమ్ముకి రెండు నెలలకొకసారి డీవీఆర్ విప్పి బ్లోయరు కొట్టాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా లంక గ్రామాలవాళ్లకి ధవళేశ్వరం నీటిమట్టమే క్యాలెండరు. అక్కడ రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, ప్రకటించారంటే డీవీఆర్, ఎస్ఎంపీఎస్ విప్పి అటక మీదో మేడ మీదో చేర్చండి. వైర్లకి ముందే నంబర్లు అంటించి ఉంటే మళ్లీ కలపడం పావుగంట పని. మునిగిన డీవీఆర్‌ని ఆరబెట్టి వెంటనే స్విచ్చి వేయకండి. డిస్కు తీసి విడిగా ఉంచితే రికార్డు దక్కే అవకాశం ఉంటుంది.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలంలో హెచ్చరిక రాగానే స్తంభాల మీది పీటీజెడ్‌లు, సోలారు పలకలు దించేయండి. గాలికి పలక తెరచాపలా పట్టుకుని స్తంభాన్నే వంచుతుంది. గోడ కెమెరాలు ఉంచవచ్చు. తుపాను దాటాక కరెంటు మొదట వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది, కాసేపు ఆగి వేయండి.

ప్రతి నెలా ఒక పని తప్పక చేయండి: పది రోజుల కిందటి రికార్డు ఏదో ఒకటి తెరిచి చూడండి. లైవ్ బొమ్మ వస్తోంది కదా అని ఊరుకుంటారు, డిస్కు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. ఆ సంగతి దొంగతనం జరిగిన రోజున తెలుస్తుంది.

చెడితే వెతికే వరస ఇది. అన్నీ ఒకేసారి పోతే ఎస్ఎంపీఎస్ చూడండి. ఒకటే పోతే దాని వైరుని బాగున్న పోర్టుకి మార్చి చూడండి. అప్పుడు వస్తే పోర్టు పోయింది, రాకపోతే కెమెరాని దింపి డీవీఆర్ దగ్గరే చిన్న వైరుతో కలిపి చూడండి. పగలు ఆకులు గులాబీ రంగులో కనిపిస్తే లోపలి ఫిల్టరు ఇరుక్కుంది, డే, నైట్ మోడ్‌ల మధ్య నాలుగైదు సార్లు మారిస్తే చాలాసార్లు వదులుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతే లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.

ఫుటేజీ పోలీసులకి ఇవ్వాల్సి వస్తే

డిస్కు నిండాక పాతది తుడుచుకుంటూ పోతుంది కాబట్టి మొదటి రోజే ఆ గంటల రికార్డుని పెన్‌డ్రైవులోకి ఎగుమతి చేయండి. సంఘటనకి ముందూ వెనకా కనీసం అరగంట కలిపి తీయండి. డీవీఆర్ సొంత ఫార్మాటులో ఒకటి, ఎంపీ4లో ఒకటి తీసుకోండి. వాట్సాప్‌లో పంపిన వీడియో నొక్కేసి ముఖాన్ని ముద్ద చేస్తుంది, టీవీ తెరని ఫోన్‌తో తీసిన వీడియో అంతకన్నా అన్యాయం. డీవీఆర్ గడియారం అసలు సమయానికి ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో అక్కడికక్కడే రాసి ఉంచండి.

కోర్టులో ఆ కాపీ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1కి ముందున్న పాత సాక్ష్య చట్టపు 65బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇదే. అందులో ఒక భాగం డీవీఆర్ యజమాని, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని తేల్చే హ్యాష్ విలువ కూడా రాయాలి. డీవీఆర్‌నే స్వాధీనం చేసుకుంటామంటే మోడల్, సీరియల్ నంబరు, డిస్కు నంబరు రాయించి రసీదు తీసుకోండి, మీ దగ్గర ఒక కాపీ ఉందో లేదో ముందే చూసుకోండి.